తక్కువ ఖర్చు ఎవరికి తక్కువ?

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల మహిళా కార్యకర్తలు అంగళ్లులో కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం ‘తక్కువ ఖర్చుతో, ప్రకృతి సాయంతో కాలుష్యాన్ని కనిపెట్టడం, తగ్గించడం’. కాగితం మీద చూస్తే ఇది శాస్త్రవేత్తలు మాట్లాడుకోవలసిన విషయంలా ఉంటుంది. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. బోరు నీళ్ల రుచి మారిందని ఇంట్లో ముందు తెలిసేది ఎవరికి? ఆ నీళ్లలో పప్పు ఉడకడం లేదని, సబ్బు నురగ రావడం లేదని ఎవరు గమనిస్తారు? మందు కొట్టిన తోటలో కోతకు దిగినప్పుడు చేతులు మండేది ఎవరికి? పిల్లవాడికి వాంతులయితే రాత్రంతా మేలుకునేది ఎవరు? కాలుష్యం సంగతి మనకు ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. అది ముందు మన చేతికీ, మన ముక్కుకూ, మన బిందెకూ తెలుస్తుంది. కాకపోతే మనకు తెలిసింది ‘తెలివి’ కింద లెక్కకు రాదు. అది ఆడవాళ్ల సణుగుడు కింద పోతుంది. సణుగుడును సాక్ష్యంగా మార్చుకోవడం ఎలా అన్నదే ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది.

మనం కూర్చున్న ఈ చోటు సంగతి ముందు గుర్తు చేస్తాను. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల కోసం శానటోరియం తెరిచారు. క్షయకు అప్పుడు మందు లేదు. మంచి గాలి, ఎండ, విశ్రాంతి, తిండి, ఇవే వైద్యం. దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు ఈ గాలి కోసం ఇక్కడికి వచ్చారు. గాలినే మందుగా ఇచ్చిన నేల ఇది. ఈ రోజు అదే నేల మీద టమోటా తోటల పక్కన నడుస్తూ ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. మదనపల్లె టమోటా మార్కెట్ దేశంలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి. అక్కడ కిలో ధర ఎంత పలికిందో రోజూ రాస్తారు. 2023 జులైలో ధర రెండు వందల దగ్గరికి పోయినప్పుడు దేశమంతా మదనపల్లె పేరు చెప్పుకుంది. కానీ ఆ టమోటా కోసిన ఆడదాని ఒంట్లోకి ఎంత మందు పోయిందో ఏ బోర్డు మీదా ఎవరూ రాయరు.

లెక్క రాసేది ఎవరైతే మాట చెల్లేది వారిదే. నా ప్రసంగానికి ఇదే మొదలు.

ఒంటి మీద మొదటి లెక్క

ఒక ఊళ్లో కోతకు పోయే ఆడవాళ్లతో కూర్చున్నాము. మందు కొట్టిన రోజూ, మర్నాడూ ఒంట్లో ఎలా ఉంటుందో రాసి పెట్టుకోండి అన్నాను. ఒకామె నవ్వింది. “మాకు సదువు రాదు గదక్కా, ఏం రాసేది? తలకాయ నొప్పి, కడుపులో తిప్పడం మాకు రోజూ ఉండేదే” అంది. ‘రోజూ ఉండేదే’ అన్న ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. జబ్బు రోజూ ఉండేదయితే ఇక అది జబ్బు కిందకు రాదు, బతుకు కిందకు వస్తుంది. బతుకును ఎవరు ఫిర్యాదు చేస్తారు?

అప్పుడు ఒక పాత చార్టు వెనక్కి తిప్పి ఆడమనిషి బొమ్మ గీశాము. ఎవరికి ఎక్కడ బాధ ఉంటే అక్కడ బొట్టుబిళ్ల అంటించమన్నాము. తల దగ్గర, కళ్ల దగ్గర, చేతుల మీద, కడుపు మీద బిళ్లలు పడ్డాయి. కొందరు చుట్టూ చూసి, పొత్తికడుపు మీద కూడా అంటించారు. పది నిమిషాల్లో ఆ బొమ్మ నిండిపోయింది. ఎవరికి వారు తమ ఒక్కరికే అనుకున్న నొప్పి అందరిదీ అని ఆ బొమ్మ చూశాక తెలిసింది. అందుకైన ఖర్చు ఒక బొట్టుబిళ్లల అట్ట.

ఇది చిన్న పని అనుకోకండి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2003 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మూడు పత్తి గ్రామాల్లో ఇలాంటి పనే శాస్త్రీయంగా జరిగింది. 50 మంది పత్తి రైతు స్త్రీలు తమకూ, తమ ఇంటి మగవాళ్లు 47 మందికీ మందు కొట్టిన తర్వాత ఏమయిందో నమోదు చేశారు. మొత్తం 323 సందర్భాలు. వాటిలో 83.6 శాతం సందర్భాల్లో కొద్దిపాటి నుంచి తీవ్రమైన దాకా విషప్రభావ లక్షణాలు కనిపించాయి. 6 శాతం సందర్భాల్లో నరాల మీద ప్రభావం చాలా తీవ్రంగా ఉంది. అయినా ఒక్కరూ వైద్యుడి దగ్గరకు పోలేదు. అంటే ఆసుపత్రి లెక్కల్లో ఈ 323 లో ఒక్కటీ ఉండదు. ఆ స్త్రీలు రాసి ఉండకపోతే అవి జరగనట్టే.

2005లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో అచ్చయిన ఆ అధ్యయనం ఇంకో రెండు సంగతులు చెప్పింది. పంపు భుజాన వేసుకుని కొట్టేది మగవాడు కాబట్టి ప్రమాదం మగవాడికే అనుకుంటాము. మందు నీళ్లలో కలిపేది, ట్యాంకు మళ్లీ మళ్లీ నింపేది ఆడవాళ్లు. ఆ పని కూడా కొట్టే పనంత ప్రమాదకరమైనదే అని తేలింది. రెండో సంగతి, తీవ్రమైన విషప్రభావం భూస్వాముల కంటే పేద సన్నకారు రైతులకే ఎక్కువగా తగిలింది. కాబట్టి మన పోట్లాట రెండెకరాల టమోటా రైతు మీద కాదు. అతనూ, అతని భార్యా కూడా మనతో పాటు ఆ బొమ్మ మీద బిళ్లలు అంటించవలసిన వాళ్లే.

ఒంటి లెక్కతో పాటు డబ్బా లెక్క కూడా ఉండాలి. పురుగుమందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అతి తీవ్ర విషం. పసుపు తీవ్ర విషం. నీలం మధ్యస్థం. ఆకుపచ్చ వాటికంటే తక్కువ. చదువు రాకపోయినా రంగు తెలుస్తుంది. ఏ రోజు ఏ రంగు కొట్టారు, ఎన్నో రోజున కోతకు దిగారు, ఒంట్లో ఎలా ఉంది, ఈ మూడు గుర్తులు చాలు. ఎవరికైనా పడిపోయేంత అయితే ఆ డబ్బానో, లేబులో ఆసుపత్రికి తీసుకుపోవాలి. మోనోక్రోటోఫాస్ కూరగాయల మీద కొట్టకూడదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. టమోటా కూరగాయే. తోట గట్టున ఆ పేరున్న పాత డబ్బా కనిపించినా దాని ఫొటో తీసి పెట్టుకోండి. అదీ సాక్ష్యమే.

తోటలో పురుగుల లెక్క

ఇక తగ్గించే సంగతి. ఈ ఊరి పేరులోనే అంగళ్లున్నాయి. చుట్టుపక్కల ఊళ్లలో పంటకు డాక్టరు ఎవరంటే మందుల అంగడాయనే. ఆకు తీసుకుపోయి చూపిస్తే ఆయన ఒక డబ్బా ఇస్తాడు, పక్కన ఇంకో డబ్బా కూడా పెడతాడు. తోటలో నిజంగా ఎన్ని పురుగులున్నాయో ఎవరూ లెక్క చూడరు.

ఆ లెక్క చూడడం ఆడవాళ్లకు చాలా తేలిక. తోటలో ఒక మూల నుంచి ఇంకో మూలకు అడ్డంగా నడుస్తూ అక్కడక్కడా ఇరవై మొక్కలు చూడాలి. పంటను తినే పురుగులెన్ని, ఆ పురుగులను తినేవి ఎన్ని? సాలీడు, అక్షింతల పురుగు, తూనీగ మన పక్షం. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ నేర్పే మోటు లెక్క ఇది: రెండు శత్రు పురుగులకు ఒక మిత్ర పురుగు ఉంటే తొందరపడి మందు కొట్టనక్కర్లేదు. పంటను బట్టీ, పురుగును బట్టీ ఇది మారుతుంది. అయినా వారం వారం లెక్కపెట్టి గుర్తు వేసుకున్న తోటలో, పక్క చేనాయన కొట్టాడని మనమూ కొట్టే అలవాటు తప్పుతుంది. ఒక్కసారి కొట్టడం తగ్గినా ఆ మేరకు అప్పు తగ్గుతుంది, విషం తగ్గుతుంది.

తర్వాత ప్రకృతి సాయం. టమోటా పదహారు సాళ్లకు ఒక సాలు బంతి వేస్తే కాయతొలుచు పురుగు బంతి పువ్వు మీదకు పోతుంది. ఇందులో ఒక కిటుకు ఉంది. బంతి నారు 40 రోజులది, టమోటా నారు 25 రోజులది ఒకేసారి నాటాలి. అప్పుడే రెండూ ఒక వేళకు పూతకు వస్తాయి. పసుపు రంగు వేసిన రేకులకు ఆముదం పూసి కట్టెలకు తగిలిస్తే తెల్లదోమ అంటుకుంటుంది. ఈ రేకు మందు కాదు, అదీ ఒక కొలత. వారం వారం దాని మీద దోమ పెరుగుతోందా, తరుగుతోందా అని చూడవచ్చు. వేపగింజల పప్పు దంచిన పొడి 5 కిలోలు గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి, వడగట్టి, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి 100 లీటర్లు చేసుకోవాలి. వేప సారం ఎండకు చెడుతుంది కాబట్టి సాయంత్రం పూట కొట్టాలి.

ఇవన్నీ పుస్తకాల్లో మాటలేనా, ఎక్కడైనా జరిగిందా అని మీరు అడగవచ్చు. జరిగింది. అప్పటి ఖమ్మం జిల్లా, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పునుకుల అనే ఊరు పత్తి మీద పురుగుమందులతో, అప్పులతో నలిగిపోయింది. 1999 ప్రాంతంలో ఒక స్వచ్ఛంద సంస్థ అక్కడ మందుల్లేని పద్ధతులు మొదలుపెట్టింది. మొదట కొద్దిమంది రైతులే ముందుకొచ్చారు. మహిళా సంఘాలు పట్టుబట్టిన తర్వాత పని వేగం అందుకుంది. 2004 నాటికి ఆ గ్రామ పంచాయతీ తమ ఊరు పురుగుమందుల్లేని ఊరని ప్రకటించుకుంది. పంచాయతీ సాయంతో వేపగింజలు పొడి చేసే యంత్రం వచ్చింది, ఆ పని కొందరు స్త్రీలకు ఉపాధి అయింది. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి. నేను మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ఆ తర్వాత ఇదే దారిలో మహిళా సంఘాల ద్వారా ప్రభుత్వ కార్యక్రమాలూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం నడుపుతోంది. పుంగనూరు పొట్టి ఆవు పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. ఎకరా జీవామృతానికి కావలసింది 10 కిలోల పేడ, పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి, 200 లీటర్ల నీళ్లు. ఆవు మన ఇంట్లో ఉంది, పేడ ఎత్తేది మనం, పంచితం పట్టేది మనం, డ్రమ్ములో కలియబెట్టేది మనం. శిక్షణకు పిలిచి శాలువా కప్పేది మాత్రం పట్టా ఎవరి పేర ఉందో ఆయనకు.

నీళ్ల దగ్గర

ఇప్పుడు బిందె దగ్గరకు వద్దాము. నీళ్లలో మూడు రకాల చెడు ఉంటుంది. కంటికి కనిపించేది, కనిపించకపోయినా ఇంట్లో పట్టుకోగలిగేది, పరీక్ష చేస్తేనే తప్ప తెలియనిది. ఈ మూడింటినీ కలిపేసుకుంటే మనం మోసపోతాము.

కుంటలో తూనీగ పిల్లలు, కప్పలు, రకరకాల చేపపిల్లలు ఉంటే ఆ నీటికి ఇంకా ప్రాణం ఉన్నట్టు. ఎర్రపురుగులు మాత్రమే మిగిలి, పైన గుర్రపుడెక్క కమ్మేస్తే మురుగు కలుస్తున్నట్టు. ఇది చూసి తెలుసుకునేది. బడిపిల్లలను తీసుకుపోయి మూడు నెలలకు ఒకసారి అదే గట్టు దగ్గర చూసి రాసుకోవచ్చు. తడవ తడవకూ ఏం మారిందన్నదే అక్కడ కొలత.

రెండో రకం సూక్ష్మజీవులు. గ్వాలియరులోని రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలు 1980లలో ఒక చిన్న సీసా పరీక్షను రూపొందించారు. సీసాలో మందు అద్దిన కాగితం ఉంటుంది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చని చోట పెడితే, మలంతో కలుషితమైన నీళ్లు నల్లబడతాయి. చదువు రానివాళ్లకు కూడా నలుపు నలుపే. మంచినీళ్ల ట్యాంకు ఎక్కి లోపల ఏముందో చూడమని ఎన్నిసార్లు అడిగినా కదలని వాళ్ల ముందు నల్లబడిన సీసాను బల్ల మీద పెట్టి చూడండి.

ఆ నీళ్లను ఇంట్లో బాగుచేసుకోవడానికి కూడా దారులున్నాయి. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 65 గ్రామాల్లో రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం ఒక పని చేసింది. చెరువు నీళ్లను పాత నూలు చీర మడతల్లో వడగట్టమని ఆడవాళ్లకు నేర్పారు. కలరా క్రిములు అంటిపెట్టుకునే సన్నని జీవులు ఆ మడతల్లో చిక్కుకుంటాయి. కలరా సుమారు 48 శాతం తగ్గిందని 2003లో ప్రకటించారు. కొత్త చీర కాదు, ఉతికి ఉతికి దారం ఉబ్బిన పాత చీరే బాగా పనిచేసింది. తేటగా ఉన్న నీళ్లను రంగులేని ప్లాస్టిక్ సీసాలో పోసి ఆరు గంటలు మంచి ఎండలో పడుకోబెడితే చాలా క్రిములు చస్తాయి. మబ్బు ఉంటే రెండు రోజులు పెట్టాలి. నీళ్లు బురదగా ఉంటే మన అమ్మమ్మలు చిల్లగింజ అరగదీసి కలిపేవారు, మునగగింజల పొడి కూడా ఆ పని చేస్తుంది.

కానీ మూడో రకం ఉంది. అది ఫ్లోరైడు. చీర దాన్ని ఆపదు. ఎండ దాన్ని చంపదు. కాచితే నీళ్లు ఇగిరి ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. నీళ్లు మల్లెపువ్వులా తేటగా ఉంటాయి, పిల్లల పళ్లు మాత్రం గారపడతాయి, నడుములు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి వైద్యులు నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. దాన్ని ముందు కనిపెట్టింది మాత్రం రైతులే. అరక కట్టిన ఎద్దులు కీళ్లు బిగుసుకుని నడవలేకపోవడం వాళ్లు చూశారు. అప్పుడూ తెలిసింది ముందు పనిచేసేవాళ్లకే. పేరు పెట్టింది తర్వాత వచ్చిన వాళ్లు.

బోర్లు లోతుకు పోయిన మన ప్రాంతాల్లో ప్రతి బోరుకూ ఫ్లోరైడు పరీక్ష జరగాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా సహించవచ్చని మన దేశ ప్రమాణం. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష కిట్టు వాడడం నేర్పాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు? కిట్టు ఎవరి బీరువాలో ఉంది? పరీక్ష ఫలితాల రిజిస్టరు మీరు చూశారా? ఈ మూడు ప్రశ్నలు ఇక్కడి నుంచి పోగానే అడగండి.

చింతపండు గురించి ఒక మాట. మన వైపు చింతచెట్లకు కొదవ లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడిపిల్లలకు రోజూ చింతపండు ఇచ్చి చూస్తే, ఒంట్లోని ఫ్లోరైడు మూత్రంలో ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ప్రచురించారు. మన చారుకు ఇంత బలం ఉందని తెలిస్తే సంతోషమే. అంతమాత్రాన “ఫ్లోరైడు నీళ్లు తాగండి, చారు పోసుకోండి” అని ఎవరైనా అంటే ఒప్పుకోవచ్చా? మంచినీళ్లు ఇవ్వవలసిన వాళ్లు ఇవ్వాలి. చింతపండు మన తోడు, వాళ్ల సాకు కాకూడదు.

మొక్కలు మోయగలిగిందీ, మోయలేనిదీ

వాడకపు నీళ్ల సంగతి కూడా ఇంతే. గిన్నెలు కడిగిన నీళ్లు వీధిలో నిలబడి దోమలు పెరిగేకంటే, రాళ్లు, ఇసుక పరిచిన గుంటలోకి పోనిచ్చి, పక్కన అరటి, చేమ, మెట్టతామర నాటుకుంటే ఆ వేళ్లు నీటిని కొంత శుభ్రం చేస్తాయి. ఊరి మురుగు కాలువ చివర జమ్ము, మెట్టతామర మడి కడితే నీళ్లు చెరువులోకి పోయేముందు కొంత తేరుతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్లు గ్రామాల మురుగు నీటికి ఈ పద్ధతి చేసి చూపించారు. హైదరాబాదు నెక్నాంపూర్ చెరువులో 2018లో నీటి మీద తేలే మొక్కల తెప్ప వేశారు.

అదే పటాన్‌చెరు నుంచి ఇంకో పాఠం కూడా ఉంది. అక్కడి పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగును విషం చేశాయి. పొలాలు పాడయ్యాయి, పశువులు చచ్చాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఊళ్ల ఆడవాళ్లతో “వాగు గట్టున మెట్టతామర నాటుకోండి” అంటే అది ఎగతాళి అవుతుంది. వంటింటి నీళ్లకు పనికొచ్చే మొక్క ఫ్యాక్టరీ నేరాన్ని మోయలేదు. ఫ్యాక్టరీ విషాన్ని ఫ్యాక్టరీ గోడ లోపలే ఆపాలి.

గాలి విషయంలో కూడా కొలిచి నిలదీయడమే దారి. తమిళనాడు కడలూరులో రసాయన పరిశ్రమల పక్క ఊళ్ల వాళ్లు ఏ రోజు, ఏ గంటకు, ఏ వాసన వచ్చింది, కళ్లు మండాయా, గొంతు పట్టేసిందా అని రాసుకోవడం మొదలుపెట్టారు. తర్వాత మామూలు ప్లాస్టిక్ బక్కెట్టుతో చేసిన సాధనంతో గాలిని పట్టి ప్రయోగశాలకు పంపారు. 2004లో ఆ ఫలితాలను బయటపెట్టారు. అప్పటిదాకా “మీ ముక్కుకు అనుమానం” అన్నవాళ్లు ఆ కాగితానికి జవాబు చెప్పవలసి వచ్చింది. కుప్పం వైపు గ్రానైటు క్వారీల పక్కన ఉండే అక్కలు తెల్లటి అట్టకు ఆముదం పూసి పెరట్లో వేలాడగట్టి, రోజుకు ఎంత దుమ్ము అంటుతోందో తేదీ వేసి దాచిపెట్టుకోవచ్చు. చెట్ల బెరడు మీద, బండల మీద పెరిగే రాతిపువ్వు మనం మసాలాలో వేసుకునేదే. చెడ్డ గాలికి అది ముందు చస్తుంది. పారిస్ తోటల్లో ఈ సంగతిని 1866లోనే ఒక వృక్షశాస్త్రజ్ఞుడు గమనించి రాశాడు. ఒకప్పుడు రాతిపువ్వు ఉన్న చెట్టు మీద ఇప్పుడు లేదంటే ఎందుకు లేదని మనం అడగాలి.

ఎవరికి తక్కువ?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంతసేపూ నేను చెప్పినవన్నీ ‘తక్కువ ఖర్చు’ పద్ధతులే. ఒక్కసారి లెక్క వేద్దాము. వేపగింజలు ఏరేది ఎవరు? ఎండబెట్టి, పొట్టు తీసి, దంచేది ఎవరు? పేడ, పంచితం కలిపేది? చీరలో నీళ్లు వడగట్టేది? సీసాలు ఎండలో పెట్టి తీసేది? ఫ్లోరైడు తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కొలిచి కలిపి, కలియబెట్టి, తేరిందాకా ఆగి, అడుగున దిగిన మడ్డిని రోజూ తీసి పారబోసేది ఎవరు? అన్నింటికీ జవాబు ఒక్కటే. ఖర్చు తక్కువగా కనిపించడానికి కారణం అందులో ఆడవాళ్ల శ్రమకు ధర కట్టకపోవడమే.

అందుకని ఈ పద్ధతులు వద్దని నేను అనడం లేదు. విషం కంటే వేప వెయ్యి రెట్లు మేలు. కానీ మన శ్రమను లెక్కలోకి తేకుండా ఏ పథకమూ ‘చవక’ అని ఒప్పుకోవద్దు అంటున్నాను. పునుకులలో వేపగింజల పొడి చేసే పని కొందరు స్త్రీలకు ఉపాధి అయిందని చెప్పాను. అక్కడే తేడా ఉంది. నీటి పరీక్ష చేసే ఐదుగురు స్త్రీలకు వాళ్ల రోజు కూలి పోకుండా చూడాలి. కషాయాలు తయారుచేసే పని సంఘానికి ఆదాయం కావాలి. ఇంట్లో అయితే సీసాలు ఎండలో పెట్టే పని, నీళ్లు వడగట్టే పని మగవాళ్లకూ, మగపిల్లలకూ నేర్పాలి. ప్రకృతి పద్ధతి అంటే ఆడదాని వీపు మీద ఇంకో బిందె పెట్టడం కాకూడదు.

రెండో జాగ్రత్త, మన చేతిలో ఉన్న చిన్న మందు పెద్దవాళ్ల బాధ్యతను మాఫీ చేయకూడదు. స్వచ్ఛమైన నీరు, గాలి పొందడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. హైదరాబాదు జంట జలాశయాల దగ్గర పెట్టదలచిన ఒక ఫ్యాక్టరీ కేసులో 1999లో ఇంకో మాట చెప్పింది. హాని లేదని రుజువు చేయవలసిన భారం ఆ పని తలపెట్టిన వాళ్లదే అని. ఇన్నాళ్లూ “నీకు జబ్బు చేసిందని రుజువేది?” అని మనల్ని అడుగుతున్నారు. ఇకమీదట “హాని లేదని రుజువేది?” అని మనం అడగాలి. పురుగుమందులు ముట్టుకునే పనివాళ్లకు రక్షణ దుస్తులు ఇవ్వాలని 1971 నాటి నిబంధనలే చెబుతున్నాయి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నీటి పరీక్షల రిజిస్టరు నకలు అడగడానికి ఇంతకంటే చవకైన పద్ధతి ఇంకేముంది?

ఇక్కడి నుంచి పోయాక నాలుగు పనులు చేద్దాము. ఒకటి, ప్రతి సంఘం ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఒంటి లెక్క, డబ్బా రంగు, పురుగుల లెక్క, నీటి పరీక్ష, అన్నీ తేదీలతో అందులో ఉండాలి. రాయడం వచ్చిన ఆడపిల్ల రాస్తుంది, రానివాళ్లు బొమ్మ గీస్తారు, వేలిముద్ర వేస్తారు. రెండు, ప్రతి ఊళ్లో ఒక్క తోటలో అయినా వచ్చే పంటకు బంతి సాలు, వేప సారం, పసుపు రేకులు పెట్టి చూడాలి. ఆ పనికి ఎన్ని గంటలు పట్టింది, ఎవరు చేశారు అన్నదీ రాయాలి. మూడు, తాగే నీటి బోర్లన్నింటి ఫ్లోరైడు ఫలితాలు పంచాయతీ గోడ మీద రాయించాలి. నాలుగు, మూడు నెలల తర్వాత మూడు ప్రాంతాల పుస్తకాలూ ఒకచోట పెట్టుకుని చదువుకోవాలి. ఒక్క పుస్తకాన్ని ఆఫీసరు పక్కకు నెట్టేయగలడు. ముప్ఫై పుస్తకాలు ఒకే మాట చెబితే నెట్టలేడు.

ఆ రోజు “మాకు సదువు రాదు, ఏం రాసేది” అన్న ఆమె గురించి చెప్పి ముగిస్తాను. తర్వాత నెలలో మేము పోయేసరికి ఆమె గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పెట్టింది. మందు కొట్టిన రోజుకు నిలువు గీత, తల తిరిగిన రోజుకు సున్న. సున్నలన్నీ గీతల పక్కనే ఉన్నాయి. “ఇది రోజూ ఉండేది కాదక్కా. మందు కొట్టినప్పుడే ఉండేది” అంది.

బొగ్గుముక్కతో ఆమె తన జబ్బుకు కారణాన్ని తనే కనిపెట్టింది. మనం చేయవలసిందల్లా ఆ గోడను పంచాయతీ ఆఫీసు దాకా, కలెక్టరాఫీసు దాకా తీసుకుపోవడమే.